ట్యూబ్ యాంప్ మరమ్మతు, 7వ పాఠం: ఫ్యూజు మళ్ళీ మళ్ళీ ఎందుకు పోతోంది?

గత పాఠంలో సిరీస్ బల్బు బోర్డు, అంటే యాంప్‌కు వెళ్ళే కరెంటు ముందు ఒక బల్బు గుండా పోయేలా చేసే బోర్డు, చేసుకోమన్నాను. చేశారు, సంతోషం. అయితే చాలామంది అందులో ఎల్‌ఈడీ బల్బు బిగించి, "వెలుగుతూనే ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టేనా?" అని రాశారు. ఆ బల్బును బట్టి ఏమీ చెప్పలేం.

230 వోల్టుల మీద పూర్తిగా వెలిగే 100 వాట్ల ఫిలమెంటు బల్బు నిరోధం సుమారు 530 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. యాంప్ తక్కువ కరెంటు లాగితే ఫిలమెంటు వేడెక్కదు, అడ్డుపడదు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి ఫ్యూజును కాపాడుతుంది. ఎల్‌ఈడీకి ఈ గుణం లేదు, అతి కొద్ది కరెంటుకే వెలుగుతుంది. అందుకే ఫిలమెంటు బల్బే తెచ్చుకోండి.

ఇంకొకటి. నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులున్న యాంప్‌లో వాటిని లోపలి నుంచి వేడి చేసే హీటర్లకే దాదాపు 38 వాట్లు కావాలి. అక్కడ బల్బు కాస్త వెలగడం జబ్బేమీ కాదు. ముందు ట్యూబులన్నీ తీసి చూడాలి.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. హైదరాబాదు కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి వెళ్ళి "రెండు ఆంపియర్ల ఫ్యూజు" అని మాత్రమే అడిగితే చేతికి ఏదైనా రావచ్చు. ఫ్యూజు చివరి లోహపు మూత మీది అక్షరం చూడండి. 'టి' ఉంటే నిదానంగా తెగేది, 'ఎఫ్' ఉంటే వెంటనే తెగేది. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్, చల్లటి హీటర్లు కలిసి ఎక్కువ కరెంటు లాగుతాయి. 'ఎఫ్' ఫ్యూజు అక్కడే పోతుంది, యాంప్ నిక్షేపంగా ఉన్నా సరే. అప్పుడు మన వీరులు 5 ఆంపియర్లది పెడతారు. ఇకపై తెగాల్సింది ఫ్యూజు కాదు, ట్రాన్స్‌ఫార్మరే. అమెరికా యాంప్ మీద 120 వోల్టులకు 2 ఆంపియర్లని ఉంటే, మన 230 వోల్టులకు మార్చాక దాదాపు సగం, అంటే 1 ఆంపియర్ చాలు. వెనక ప్యానెల్ మీద రెండు విలువలూ ఉంటే మన వోల్టేజీ పక్కనున్నదే తీసుకోండి.

ఫ్యూజు ఎప్పుడు పోయిందో గమనించారా? స్విచ్ వేయగానే అయితే ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడండి. స్టాండ్‌బై (హై వోల్టేజీని ఆపి ఉంచే స్విచ్) తీయగానే అయితే హై వోల్టేజీ వైపు. అర నిమిషం ఆగి పోతే, వేడెక్కిన పవర్ ట్యూబులే మితిమీరి లాగుతున్నాయి.

ట్యూబులన్నీ తీసినా బల్బు భగ్గుమంటోందా? రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) డయోడ్లతో ఉన్న యాంప్‌లో ట్యూబులు తీసినంత మాత్రాన కెపాసిటర్లు వేరుపడవు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీగలు విప్పాకే దాన్ని నిందించండి. బల్బు ఆరిపోతే రెక్టిఫయర్ ట్యూబు, ఆపై పవర్ ట్యూబులు ఒక్కొక్కటిగా పెట్టండి. నేను ట్యూబులకు టేపు మీద అంకెలు రాసి అంటిస్తాను. అనుమానమున్న ట్యూబును వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. తంటా ట్యూబు వెంట అక్కడికి వెళ్తే ట్యూబు చెడింది. సాకెట్ దగ్గరే ఉండిపోతే బయాస్ (ట్యూబు కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్డు వోల్టేజీ) అందడం లేదు, లేదా ముందు దశ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది.

కెపాసిటర్ల డిశ్చార్జ్, అంటే వాటిలో నిలిచిన కరెంటును ఖాళీ చేయడం, రెండో పాఠంలో చెప్పాను. మీటరు 10 వోల్టుల లోపు చూపకపోతే లోపల చెయ్యి పెట్టకండి.

అభ్యాసం: ప్లగ్గు పీకి, డిశ్చార్జ్ చేసి, పవర్ ట్యూబులు తీసి, ప్రతి సాకెట్‌లో 3, 4, 5, 8 పిన్నుల నుంచి చాసిస్‌కు నిరోధం కొలిచి పట్టిక వేయండి. ఈఎల్34, 6ఎల్6లలో అవి వరుసగా ప్లేటు, స్క్రీను, గ్రిడ్డు, కాథోడు. సాకెట్ల మధ్య తేడా కనిపిస్తే, స్కీమాటిక్ చూసి కారణం మీరే ఊహించి పట్టిక పక్కన రాసి పంపండి.