వేరే వైద్యం వైపు మనసు లాగుతుంటే, ముందు అడగాల్సినవి

క్యాన్సర్ వార్డులో కీమో మందులు సిద్ధం చేసే ఫార్మసిస్టుని నేను. డాక్టర్‌గారి ముందు నోరు దాటని మాటలు నా కిటికీ దగ్గర బయటికొస్తాయి. "మేడమ్, ఇది కూడా వాడుతున్నాం, ఆయనకి చెప్పకండి" అంటూ సంచిలోంచి ఓ సీసా తీస్తారు. నాకు వాళ్ళమీద కోపం రాదు. నోరంతా పూసి, మంచినీళ్ళు కూడా మింగలేని మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇంకో దారి వెతక్కుండా ఎలా ఉంటారు? వెతకండి. కాకపోతే కొన్ని సంగతులు కనుక్కుని మరీ వెతకండి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ వైద్యం డాక్టర్ ఇచ్చేదానికి తోడుగానా, బదులుగానా? తోడుగా అయితే పనికొచ్చేవి ఉన్నాయి. యోగాతో అలసట, ఆక్యుపంక్చర్‌తో కీమో వికారం కొంత తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. బదులుగా అయితే లెక్క మారిపోతుంది. 2018లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, వేరే భాగాలకు పాకని క్యాన్సర్ ఉండి, ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చారు. చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువ. రొమ్ము క్యాన్సర్‌లోనైతే ఐదు రెట్లు దాటింది. మగవాళ్ళకొచ్చే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అది చాలామందిలో మెల్లగా పెరుగుతుంది మరి. అందుకే ఏ రకం, ఏ స్టేజ్ అన్నది తెలియకుండా ఎవరి అనుభవాన్నీ మీకు అన్వయించుకోకండి.

ఇక "ఫలానా ఆవిడకి తగ్గిపోయిందట" అనే కథలు. ఒకావిడ నాకు ఫోన్‌లో వీడియో చూపించారు. కీమో వద్దన్నాను, తిండి మార్చుకునే బతికాను అని అందులో మనిషి చెబుతోంది. ఇద్దరం మొత్తం చూశాం. మధ్యలో ఒక్క ముక్క దొర్లింది: గడ్డని అప్పటికే ఆపరేషన్ చేసి తీసేశారు. రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ తీశాక ఇచ్చే కీమో, జబ్బు మళ్ళీ రాకుండా చూడటానికి. అది లేకుండా బాగున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆపరేషన్ వల్ల. అందుకే ఏ కథ విన్నా అడగండి: బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, అయిందా? ఆపరేషన్, రేడియేషన్ ఏమైనా జరిగాయా? ఎన్నేళ్ళయింది? తగ్గనివాళ్ళు వీడియో చేయడానికి మిగల్లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

అంతే గట్టిగా మీ డాక్టర్‌నీ అడగండి. ఈ చికిత్స నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా, నొప్పి తగ్గించడానికా? నాలాంటి వందమందిలో దీనివల్ల ఎంతమంది బాగుపడతారు? వద్దంటే ఏమవుతుంది? ఒక్కోసారి లాభం చాలా తక్కువ ఉంటుంది. అప్పుడు వద్దనుకోవడం తప్పు కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ళకి మొదట్నుంచే పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం, కూడా ఇస్తే, చివర్లో తీవ్రమైన చికిత్సలు తగ్గినా సగటున 8.9 నెలల బదులు 11.6 నెలలు బతికారని 2010లో ఓ అధ్యయనం చెప్పింది. బాధకి చేసే వైద్యం చేతులెత్తేయడం కాదు.

"చెట్టు మందే కదా" అంటారు. నేను రోజూ కలిపే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు మొదట యూ అనే చెట్టు బెరడులో దొరికింది. చెట్టులోంచి వచ్చాయని వాటిని దూరం పెట్టలేదు, పరీక్షించి మిల్లీగ్రాముల్లో కొలిచారు. ఆప్రికాట్ గింజల్లోని పదార్థంతో ముడిపడ్డ, క్యాన్సర్‌కి మందని ప్రచారమైన లేట్రిల్‌నీ అలాగే పరీక్షించారు. 1982లో ఫలితాలొచ్చాయి. 178 మందికి ఇస్తే క్యాన్సర్ తగ్గలేదు సరికదా, కొందరిలో సైనైడ్ విష లక్షణాలు కనిపించాయి.

సీసా దాచకండి, నా దగ్గరికి సీసాతో సహా తీసుకురండి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక దిగులుకి వాడతారు. అది ఇరినోటెకాన్ అనే కీమో మందు పనిని బాగా తగ్గించేస్తుంది. లేబుల్ లేని పొడి అయితే ఎప్పట్నుంచి, రోజుకెంత వాడుతున్నారో చెప్పండి. లివర్ పరీక్ష చేయిస్తాం. అది మొదలుపెట్టగానే ఆకలి, హుషారు ఒక్కసారిగా పెరిగితే నాకు అనుమానం వస్తుంది. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలున్నాయి.

ఇవన్నీ విన్నాక కూడా ముందు వేరే వైద్యమే చూస్తామంటే, డాక్టర్‌తో తెగతెంపులు చేసుకోకండి. "ఎన్నాళ్ళు ఆగితే ప్రమాదం లేదు?" అని సూటిగా అడగండి. కొన్ని క్యాన్సర్లలో కొన్ని వారాలు ఆగొచ్చు. వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ అయిన అక్యూట్ ల్యుకేమియాలో ఒక్కో రోజూ విలువైనదే. తర్వాతి స్కాన్ తేదీ, గడ్డ ఎంత పెరిగితే తిరిగి రావాలో ఆయన చేతే ఫైల్లో రాయించుకోండి. ఆ కాగితం ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి, మీరు నీరసపడ్డ రోజున తేదీ గుర్తుచేసే మనిషి కావాలి.