తుఫాన్లు రాకముందే సర్వర్‌ను రీబూట్ చేసి చూసుకోండి

మొన్న భీమవరం పక్కన రొయ్యల చెరువుల దగ్గర అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది. సర్వర్ దానంతటదే లేచింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే ఫోన్లకు మెసేజ్ పంపాల్సిన ప్రోగ్రామ్ మాత్రం లేవలేదు. ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే. కాపలా మనిషి చూసేసరికి రొయ్య తేలిపోయింది. తర్వాత స్టేటస్ చూస్తే పచ్చగా ‘యాక్టివ్’ (నడుస్తోంది), పక్కనే ‘ఎగ్జిటెడ్’ (ముగిసింది) అని ఉంది.

తుఫాన్ల నెలలు అక్టోబరు, నవంబరు వచ్చేస్తున్నాయి. మన మిల్లుల్లో కాటా బిల్లింగ్, హేచరీల అలారాలు చాలాచోట్ల ఇంకా మిషన్ ఆన్ కాగానే ప్రోగ్రామ్‌లను లేపే పాత ఇనిట్.డీ స్క్రిప్టులతో, ఆర్‌సీ.లోకల్ ఫైల్‌తో లాక్కొస్తున్నారు. కింద లైనక్స్ ఎప్పుడో ఆ పని చేసే కొత్త పద్ధతి సిస్టమ్‌డీకి మారిపోయింది. యూపీఎస్, బ్యాకప్ సంగతి మీకు తెలిసిందే.

కొంపలు ముంచే తప్పు ఒక్కటే: స్క్రిప్టును టెర్మినల్లో చేత్తో నడిపి, పనిచేసింది కదా అని వెళ్లిపోవడం. మీరు లాగిన్ అయి నడిపితే మీ పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా), మీ ఎన్విరాన్‌మెంట్ (మీ లాగిన్ సెట్టింగులు) దానికి దొరుకుతాయి. అప్పటికే నెట్ వచ్చి ఉంటుంది, డేటా డిస్కు మౌంట్ అయి ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఇవి ఉంటాయన్న భరోసా లేదు. అందుకే రీబూట్ చేసి చూడండి.

పచ్చరంగును నమ్మకండి. పాత స్క్రిప్టుకు సిస్టమ్‌డీ తానే ఒక యూనిట్ (ప్రోగ్రామ్‌ను ఎలా లేపాలో చెప్పే ఫైల్) తయారుచేస్తుంది. స్క్రిప్టు హెడర్‌లో పిడ్ ఫైల్ (ప్రాసెస్ నంబరు రాసి ఉండే ఫైల్) ఏదో చెప్పకపోతే, స్టార్ట్ కమాండ్ తప్పు లేకుండా ముగియడమే దానికి చాలు. వెనకాల ప్రోగ్రామ్ చచ్చిపోయినా ‘యాక్టివ్’ అనే అంటుంది, మళ్లీ లేపదు. పీఎస్ కమాండ్‌తో ప్రాసెస్ నిజంగా ఉందో లేదో చూడండి.

ఈ పాత స్క్రిప్టులకు మద్దతు తీసేస్తామని 2023లో సిస్టమ్‌డీ 254తోనే చెప్పేశారు. కాబట్టి ముఖ్యమైనవాటికి సొంత యూనిట్ రాయండి. తనంతట తానే బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లే ప్రోగ్రామ్‌కు యూనిట్‌లో టైప్ ‘సింపుల్’ పెట్టారంటే, మొదటి ప్రాసెస్ ముగియగానే మిగిలినవాటిని సిస్టమ్‌డీ చంపేస్తుంది. దానికి ‘ఫోర్కింగ్’ పెట్టాలి.

ఇక మిగిలినవి. ఆర్‌సీ.లోకల్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, లేకపోతే సిస్టమ్‌డీ దాని జోలికే పోదు. మొదటి లైన్లో షెల్ పేరు ఉండాలి. అక్కడ షెల్ పేరు పక్కన మైనస్ ఈ (-e) ఉంటే ఒక్క కమాండ్ ఫెయిలైనా కింద ఉన్నవేవీ నడవవు. కమాండ్లకు పూర్తి పాత్ రాయండి. నెట్ కావాలంటే నెట్‌వర్క్.టార్గెట్ చాలదు, నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ కావాలి, యూనిట్‌లోని వాంట్స్, ఆఫ్టర్ లైన్లు రెండింటిలోనూ. స్లీప్ 30 (30 సెకన్లు ఆగు) పెట్టి సరిపెట్టకండి. యూనిట్ మార్చాక డీమన్-రీలోడ్ కమాండ్ ఇవ్వండి, అప్పుడే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ చదువుతుంది. బూట్‌లో లేచేలా యూనిట్‌ను ఎనేబుల్ చేశారా? చూడండి. రీబూట్ అయ్యాక జర్నల్ (సిస్టమ్‌డీ లాగ్) చదవండి.

రీబూట్‌తో ఆగకండి. పద్ధతిగా షట్‌డౌన్ చేసి, మెయిన్ ఆపి, మళ్లీ వేయండి. ఎవరూ బటన్ నొక్కకుండా లేవాలి. లేవకపోతే బయోస్‌లో (మదర్‌బోర్డు సెటప్‌లో) కరెంటు రాగానే ఆన్ అయ్యేలా సెట్టింగ్ మార్చండి. ఎవరూ లాగిన్ అవ్వకండి. అలారం హద్దును కావాలనే పైకి పెట్టి, మెసేజ్ ఫోన్‌కు చేరిందో లేదో చూడండి. చేరాక హద్దును మళ్లీ పాత అంకెకు తెచ్చేయండి.