పంటికి మత్తు సూది వేయించుకునేటప్పుడు ఏం చేయాలి?

పన్ను పీకించుకోవడం కన్నా, దానికి ముందు వేసే సూదికే చాలామంది జంకుతారు. నేనూ అంతే. కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నప్పుడు సగం మత్తులోనే మొదటి పది నిమిషాలు కుర్చీ చెయ్యి బిగపట్టుకుని ఓర్చుకున్నాను. చెబితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొహమాటం. అదంతా దండగ ఓర్పు.

1. తిని వెళ్లండి

పరగడుపున వెళ్లకండి. "నాకు ఆ సూది పడదు" అనేవాళ్లలో చాలామందికి జరిగింది అలర్జీ కాదు, భయానికీ ఖాళీ కడుపుకీ కళ్లు తిరగడం. డాక్టరు ఆపమంటే తప్ప బీపీ, షుగర్ మాత్రలు మానొద్దు.

2. మీ సంగతులు ముందే చెప్పండి

గుండె జబ్బు, బీపీ, థైరాయిడ్, రక్తం పలచబడే మాత్రలు, గర్భం, ఇంతకుముందు ఏ మందైనా పడకపోవడం, ఏదీ దాచొద్దు. మత్తు సూదిలో మామూలుగా వాడే మందు 2 శాతం లిగ్నోకెయిన్. అందులో చాలాసార్లు కొద్దిగా అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది రక్తనాళాలను కుదించి మందును అక్కడే ఎక్కువసేపు నిలబెడుతుంది, రక్తం కారడం తగ్గిస్తుంది. సూది పడగానే ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడేది దీనివల్లే. అలా అనిపిస్తే చెప్పండి, కంగారు పడకండి.

3. సూది వేసేటప్పుడు

ముందు చిగురుకి జెల్లు గానీ స్ప్రే గానీ వేయమని అడగండి. సిరంజి వైపు చూడొద్దు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలుస్తూ కాలివేళ్లు కదుపుతూ ఉండండి. పై దవడ ఎముక పలచన కాబట్టి పన్ను పక్కనే సూది వేస్తే సరిపోతుంది. కింద దవడ పళ్ల దగ్గర ఎముక గట్టిది. అందుకే నోటి వెనక, నరం దవడలోకి దిగేచోట వేస్తారు. ఒక్కోసారి జివ్వున కరెంటు కొట్టినట్టు ఉంటుంది. తల మాత్రం కదపొద్దు. అన్నిటికన్నా చురుక్కుమనేది అంగిట్లో వేసే సూది.

4. తొందరపడకుండా పరీక్షించుకోండి

ఐదు, పది నిమిషాలు ఆగాలి. పెదవి బూరెలా వాచినట్టు అనిపిస్తుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది! కానీ పెదవి మొద్దుబారినంత మాత్రాన పన్ను మొద్దుబారినట్టు కాదు, నేను దెబ్బతిన్నది ఇక్కడే. నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, అది సహజం. చురుక్కుమంటే మాత్రం మత్తు చాలలేదన్నమాట. నోట్లో పనిముట్లు ఉండగా మాట్లాడలేం కాబట్టి "ఎడమ చెయ్యి ఎత్తితే ఆపండి" అని ముందే అనుకోండి.

చివరికి నేనూ చెయ్యి ఎత్తాను. ఆయన విసుక్కోలేదు. "చీము పట్టింది కదండీ, అక్కడ మందు సరిగ్గా పనిచేయదు" అని ఇంకో సూది వేశారు. చీము, వాపు ఉన్నచోట ఆమ్లగుణం పెరిగి మందు నరంలోకి సరిగ్గా ఇంకదట. కాసేపటికి గిర్రుమనే చప్పుడు, లవంగ నూనె వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు.

5. ఇంటికొచ్చాక

తిమ్మిరి మూడు, నాలుగు గంటలు ఉండొచ్చు. అది పూర్తిగా వదిలేదాకా వేడి టీ, కాఫీలు, నమిలి తినేవి వద్దు. పిల్లలైతే ఆ మొద్దు పెదవిని సరదాగా కొరుకుతారు, మర్నాటికి పుండు పడుతుంది. వాళ్ల మీద కన్నేసి ఉంచండి. నొప్పి మాత్ర డాక్టరు రాసిస్తే తిమ్మిరి వదలకముందే వేసుకోండి. మర్నాటికీ స్పర్శ రాకపోతే ఫోన్ చేయండి. ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం ఫోన్లు పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ పంటి పనిమీద వెళ్తే, పోయినసారి రెండో సూదికి గానీ మొద్దుబారలేదన్న సంగతి కుర్చీలో కూర్చోగానే చెప్పండి.