నెలకో సాయంత్రం, ఒక్క నోటుబుక్కు: విశ్వాసి ఇల్లాలికి ఇంటి లెక్క

‘డబ్బు సంగతులు ఆయనకే తెలుసు’ అనడమే విధేయత అని మందిరానికొచ్చే ఆడవాళ్లలో చాలామంది అనుకుంటారు. సామెతలు 31లోని ఇల్లాలు అట్లా లేదు. పొలం చూసి తీసుకుంటుంది, నారబట్టలు అమ్ముతుంది, తన వ్యాపారంలో లాభమెంతో తనే కనిపెట్టుకుంటుంది. అందుకే పెనిమిటి ఆమెను నమ్మాడు. అపొస్తలుల కార్యములు 5లో సప్పీరా కూడా భర్త మాటకు కట్టుబడిందే. అమ్మిన పొలం లెక్క దాచడంలో ఇద్దరూ ఏకమయ్యారు. ఆయన చెప్పినట్టే చెప్పినా అది ఆమెను కాపాడలేదు.

కాబట్టి మొదటి పని ఇద్దరికీ ఒకే లెక్క. నెలలో ఒక సాయంత్రం పెట్టుకోండి. ఆదివారం వద్దు, ఆరాధన తర్వాత చుట్టాలు దిగుతారు. 200 పేజీల రూళ్ల పుస్తకం, ప్రింటు వేయించిన బ్యాంకు పాసుబుక్కు, పొదుపు సంఘం పుస్తకం, బంగారు లోను రసీదులు ముందర పెట్టుకుని కూర్చోండి. చిన్న ప్రార్థన చేసుకుని మొదలుపెట్టండి. మొదటి రెండు నెలలు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని రాయడమే. ‘ఎందుకు ఖర్చుపెట్టినావు’ అన్న ప్రశ్న ఆ రెండు నెలలూ ఎవరూ అడగకూడదు. అడిగితే మూడో నెల పుస్తకం అటక ఎక్కుతుంది.

జీతం ఇల్లయితే లెక్క సులువే. శెనక్కాయ వేసే ఇంట్లోనే చిక్కు. పంట డబ్బు నవంబరులో చేతికొస్తుంది, డిసెంబరులో క్రిస్మస్. కొత్త బట్టలు, సున్నం, పిండివంటలు, చుట్టాలు, ఆ వెంటనే జనవరి ఒకటి. సంక్రాంతి దాటేసరికి డబ్బా ఖాళీ, జూన్‌లో విత్తనానికి మళ్లీ అప్పు. అందుకని డబ్బు వచ్చిన వారంలోనే పంచేయండి. పంటకు 1,60,000 వచ్చిందనుకుందాం. మరుసటి ఏడు విత్తనం, ఎరువు, సేద్యం కూలికి 64,000 ముందే వేరే ఖాతాలో వేయండి. మిగిలిన 96,000లో దేవునికిచ్చే దశమభాగం (పదో వంతు) 9,600 తీస్తే 86,400. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 7,200. ఈ ఇంటికి పంట మీద వచ్చే జీతం అంతే. పండగ ఖర్చు కూడా ఇందులోంచే కాబట్టి క్రిస్మస్‌కు జనవరి నుంచే నెలకు 300, 400 తీసి పెట్టాలి. పాలు, కూలి, ఉపాధి పని డబ్బు దీనికి తోడు.

దశమభాగం వచ్చిన మొత్తం మీదా, పెట్టుబడి పోను మిగిలినదాని మీదా అని వాదన ఉంది. పైన వేసింది రెండో లెక్క. ఏదైనా సరే, ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. 2 కొరింథీ 9:7 సణుక్కుంటూ ఇవ్వొద్దంటుంది. కూటాల్లో ఆవేశం మీద ‘సౌండు బాక్సు నేనిస్తా’ అని లేచి చెప్పడం వేరే సంగతి. సంఖ్యాకాండము 30లో భార్య మొక్కుబడిని భర్త విన్న రోజే రద్దు చేయగలడని ఉంది, ప్రసంగి 5లో మొక్కి చెల్లించకపోవడం కంటే మొక్కకుండా ఉండటమే మేలని ఉంది. వడ్డీకి తెచ్చి కానుక వేయకండి. పాస్టరమ్మకు ఉన్నమాట చెబితే నామోషీ ఏమీ లేదు.

ఇక అప్పులు. అన్నింటినీ ఒక పేజీలో రాసి, పక్కన వడ్డీని నూటికి నెలకు ఎన్ని రూపాయలో అన్న లెక్కలోకి మార్చండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 40,000 మీద నెలకు 1,200, ఏడాదికి 14,400, అసలు మాత్రం కదలదు. అదే అప్పు రూపాయి వడ్డీకి మారితే నెలకు 400. తేడా 800 నేరుగా అసలుకు పోవాలి. బంగారం పెట్టి ఇట్లా మార్చుకోవడం మంచిదే, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో మళ్లీ కొత్త గొలుసు చూడనంతవరకు. లోను గడువు తేదీ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. గడువు దాటితే వేలం నోటీసొస్తుంది. తీర్చేటప్పుడు వడ్డీ ఎక్కువున్నది ముందు.

ప్రాంసరీ నోటు మీద అప్పు తీర్చేవాళ్లు ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాయించండి. పూర్తిగా తీరినరోజు నోటు వెనక్కి తీసుకుని చించేయండి. ‘ఇంట్లో ఎక్కడో ఉంది, రేపిస్తా’ అంటే ఆ రేపటికే చివరి కంతు కూడా ఇవ్వండి. ఖాళీ నోటు మీద సంతకం, వేలిముద్ర వద్దే వద్దు. జామీను సంతకం గురించి సామెతలు 6 మొదట్లోనే హెచ్చరిక ఉంది. అడిగినాయన సంఘ పెద్ద అయినా సరే, భార్యాభర్తలు మాట్లాడుకోకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. డ్వాక్రా లోను గ్రూపు పేరున వచ్చినా అందులో మీ వాటాకు జవాబుదారు మీరే. డబ్బు ఇంటాయన బోరుకు వాడినా కంతు తప్పితే గ్రూపులో తలదించుకునేది మీరే. అది ఏ పంట డబ్బుతో తీరుతుందో తీసుకునే ముందే పుస్తకంలో రాయండి.

పోపుల డబ్బాలో దాచేది మోసమా అని అడుగుతారు. నెలకు ఇంత అని ఆయనకు తెలిసి దాచితే పొదుపు. తెలియకుండా చేసిన అప్పే మోసం. ఒక మినహాయింపు ఉంది: తాగి కొట్టే ఇంట్లో, పిల్లల ఫీజు డబ్బు మందుకు పోయే ఇంట్లో, మీ ఒక్కరి పేరున ఖాతా తెరవండి. 1 సమూయేలు 25లో నాబాలు దావీదు మనుషులతో మూర్ఖంగా ప్రవర్తించినప్పుడు అతని భార్య అబీగయీలు అతనికి చెప్పకుండానే దావీదుకు ఆహారం తీసుకెళ్లి ఇల్లు కాపాడింది, తర్వాత జరిగింది చెప్పింది. దెబ్బలు తినడం విధేయత కాదు. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయొచ్చు.

ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లు బయల్దేరే ముందు బీమా చూసుకోవాలి. బ్యాంకు ఖాతా మీద కట్టే ప్రధానమంత్రి ప్రమాద బీమాకు ఏడాదికి 20, జీవన జ్యోతి అనే ప్రాణ బీమాకు 436. ఒక్కోదానికి రెండు లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బుండాలి, లేకపోతే బీమా ఆగిపోతుంది.

కాగితాల విషయంలో ఎక్కువమంది పొరపడేది నామినీ దగ్గర. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, హక్కుదారు కాకపోవచ్చు. క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. ఇల్లు పూర్తిగా మీకే రావాలని ఆయన కోరితే వీలునామా రాయాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. అందులో ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్ల వాటా చెల్లదు. మందిరంలో ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్టులో పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కూడా చూడండి. సర్టిఫికెట్టులో ‘మేరీ’, ఆధార్‌లో ‘మారెమ్మ’ అని ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ పని ఇద్దరూ బాగున్నప్పుడే చేయించుకోవాలి.