మేఫ్లై డింభకాల నుంచి కొత్త జాతి వర్ణన – ఆరో పాఠం: ఏది ఎడమ హనువు, ఏది కుడి హనువు

గత పాఠంలో, మేఫ్లై అనే కీటకాల్లో బేటిడే కుటుంబానికి చెందిన ఒక డింభకం (నీటిలో పెరిగే పిల్ల దశ) ముఖభాగాలను విడదీసి, స్లైడు మీద అమర్చి, బొమ్మలు గీసి పంపమని అడిగాను. ఈసారి వర్ణన రాయడం మొదలుపెట్టాలని అనుకున్నాను. కానీ అందిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా వాటిలో ఎడమ హనువుకు (కొరికే దవడకు) కుడి అనీ, కుడి హనువుకు ఎడమ అనీ పేర్లు పడ్డాయి. గీతలు శుభ్రంగా ఉన్నాయి, కొలత గీత ఉంది, శూకాలను (వెంట్రుకల వంటి సన్నని ముళ్ళను) ఓపికగా లెక్కపెట్టి వేశారు. తారుమారైంది పేర్లే. ఇందులో నా లోపమూ ఉంది. విడదీసే క్రమం చెప్పాను గాని, డింభకాన్ని ఏ పక్క పైకి ఉంచాలో చెప్పలేదు. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దీనికే కేటాయిస్తున్నాను. నమూనాల సేకరణ, ఆల్కహాలులో నిల్వ, పొటాషియం హైడ్రాక్సైడుతో కండరాలను కరిగించి భాగాలను తేటపరచడం మీకు అలవాటైన పనులే గనుక వాటిని మళ్ళీ ఎత్తుకోను.

మేఫ్లై డింభకం హనువులు ఒకదానికొకటి అద్దంలో బింబాల వంటివి కావు. ఆహారాన్ని నలిపే తలమైన మోలా ఒక పక్కది రెండో పక్కదానిలో ఇమడాలి కనుక రెండింటి నిర్మాణమూ వేరుగా ఉంటుంది. కొరికే పళ్ళకూ మోలాకూ నడుమ ప్రోస్థీకా అనే చిన్న అవయవం ఉంటుంది. బేటిడేలోని చాలా ప్రజాతుల్లో (దగ్గరి జాతుల సమూహాల్లో) ఎడమ ప్రోస్థీకా దృఢంగా ఉండి కొనన చిన్న పళ్ళు కలిగి ఉంటుంది. కుడిది సన్నగా, చాలాసార్లు కొన చీలి ఉంటుంది. పేర్లు తారుమారైతే, మీ ఎడమ హనువును మరొకరు వర్ణించిన జాతి ఎడమ హనువుతో పోల్చే పాఠకుడికి లేని తేడా కొండంతగా కనిపిస్తుంది. ఆ లేని తేడా ఆధారంగా కొత్త జాతిని ప్రకటిస్తే, ఆ పేరును తర్వాత ఎవరో ఒకరు పాత పేరులో కలిపివేయవలసి వస్తుంది.

ఈ పొరపాటు పుట్టేది ఇలా. ముఖభాగాలు అడుగు వైపు నుంచి సులభంగా అందుతాయి కనుక డింభకాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ముందుగా అధరాన్ని (కింది పెదవిని), తర్వాత జంభికలను (హనువుల తర్వాతి జత దవడలను) తీస్తాము. డింభకం వెల్లకిలా ఉండి తల మనకు అవతలి వైపు ఉన్నప్పుడు, దాని ఎడమ హనువు మన కుడిచేతి వైపు ఉంటుంది. ఇక్కడే చాలామంది కుడి అని రాసుకున్నారు. మరికొందరు ఇక్కడ సరిగానే రాసుకున్నా, హనువును స్లైడు మీది ద్రవపు చుక్కలో వేసేటప్పుడు అది దొర్లి తిరగబడింది. ఇంకొందరు కాంపౌండ్ మైక్రోస్కోపు బొమ్మను తిప్పి చూపుతుందని గుర్తుకు తెచ్చుకుని, సరిగా ఉన్న పేర్లను చివరి నిమిషంలో మార్చారు. ఈ మూడో తప్పు నన్ను ఎక్కువగా బాధించింది, ఎందుకంటే అది శ్రద్ధ వల్ల వచ్చిన తప్పు.

మైక్రోస్కోపు బొమ్మను 180 డిగ్రీలు తిప్పుతుందే గాని అద్దంలోలాగా మార్చదు. ఈ తేడా మనసుకు ఎక్కాలంటే మీ ఎడమచేతిని కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీయండి. కాగితాన్ని ఎటు తిప్పినా అది బోర్లించిన ఎడమచేతి ఆకారమే. ఇప్పుడు అదే చేతిని వెల్లకిలా తిప్పి మళ్ళీ గీయండి. ఈ రెండో గీత బోర్లించిన కుడిచేతి ఆకారంలా ఉంటుంది. హనువు విషయమూ అంతే: స్లైడును తిప్పడం వల్ల ఏమీ మారదు, హనువు తిరగబడితే మాత్రం బయటి ఆకారాన్ని బట్టి పక్కను చెప్పడం కుదరదు. కెమెరా సాఫ్ట్‌వేరులో బొమ్మను అద్దంలోలాగా మార్చే అమరిక ఒకటి ఉంటుంది. అది పని చేస్తున్నదేమో చూడటానికి ఒక అక్షరం రాసిన కాగితపు ముక్కను స్లైడు స్థానంలో ఉంచి చూడండి. అక్షరం తలకిందులుగా కనిపించినా ఫరవాలేదు, కాగితాన్ని ఎంత తిప్పినా చదవలేని విధంగా ఉంటే ఆ అమరికను తీసివేయండి.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎప్పుడూ ఎడమ హనువునే ముందు తీస్తాను, దాన్ని మౌంటు చేసి (స్లైడు మీద అమర్చి) కవర్‌స్లిప్ అనే పలుచని గాజు ముక్క వేసిన తర్వాతే కుడిదాన్ని ముట్టుకుంటాను. రెండింటినీ ఒకేసారి తీసి ఒకే చుక్కలో ఉంచడం వేగంగా జరిగే పనే అయినా, ఆ వేగం నాకు నచ్చదు. పేరు రాసే ముందు ప్రోస్థీకాను, మోలాను చూసి నిర్ధారించుకుంటాను. ఎడమ మోలాకు ప్రోస్థీకా వైపున త్రికోణాకారపు పొడుచుకువచ్చిన భాగం కనిపించడమూ, కుడి మోలా కొనన శూకాల కుచ్చు ఉండటమూ ఈ కుటుంబంలో చాలాచోట్ల తోడ్పడే గుర్తులు. అయితే ప్రతి ప్రజాతికీ ఇవి వర్తించవు కనుక, మీ ప్రజాతిని స్థాపించిన మూల వర్ణనతో సరిచూసుకున్నాకే వీటి మీద ఆధారపడండి.

రెండో పొరపాటు ఉదర ఖండాల లెక్కలో జరిగింది. ఉదరానికి 10 ఖండాలు ఉంటాయి, కానీ ఎదిగిన డింభకంలో మొదటిది రెక్కల తొడుగుల కింద దాగి ఉంటుంది. ముందు నుంచి లెక్కపెట్టినవారికి ఒక ఖండం తగ్గింది. తోక తంతువులు పుట్టే పదో ఖండం నుంచి వెనక్కు లెక్కపెట్టండి. లేబియోబేటిస్ ప్రజాతిలో కొన్ని జాతులకు మొప్పలు 1 నుంచి 7 వరకు ఖండాలపై, కొన్నింటికి 2 నుంచి 7 వరకు ఖండాలపై ఉంటాయి. ఒక్క ఖండం తప్పితే జాతినే తప్పుగా గుర్తించినట్టు అవుతుంది. మొప్పలు సులభంగా రాలిపోతాయి గనుక, లేదని రాసే ముందు అది అతికి ఉండే చోట గుంట ఉన్నదేమో చూడాలి.

డింభకాల వయసు గురించి ఒక్క మాట. రెక్కల తొడుగులు నల్లబడినవే వర్ణనకు తగినవి. కుబుసం విడిచే కొద్దీ శూకాల సంఖ్య, అవయవాల నిష్పత్తులు మారుతూ ఉంటాయి. అందువల్ల లేత డింభకంలో కనబడిన తక్కువ సంఖ్య జాతి లక్షణమా, వయసు లక్షణమా అన్నది తేలదు.

ఇక వర్ణన రాయడం. ఒక అభ్యాసి పైపెదవి గురించి ‘పైపెదవి అంచున చాలా శూకాలు ఉన్నాయి’ అని రాశారు. ఈ వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఊహించుకున్న ఒక జాతికి నేనైతే ఇలా రాస్తాను: ‘పైపెదవి వెడల్పు పొడవుకు 1.4 రెట్లు, పృష్ఠతలంపై అంచుకు సమీపంలో ఒక్కో అర్ధభాగంలో 1 + 9 నుంచి 12 పొడవైన శూకాలు, 5 డింభకాల్లో 10 అర్ధభాగాలు పరిశీలించాము.’ ఇందులో పృష్ఠతలం అంటే పై వైపు, ‘1’ అన్నది మధ్యరేఖకు దగ్గరగా విడిగా నిలిచే శూకం, తర్వాతి సంఖ్య వంపు వరుసలోనివి. ఇలా రాస్తే ఎక్కడ, ఎన్ని, ఎన్నింటిలో అన్న మూడూ తెలుస్తాయి. ‘బహుశా’, ‘కొంచెం’ అనే మాటలు వర్ణనలో నాకు రుచించవు. అనుమానం ఉంటే మరో డింభకాన్ని విడదీయడమే దానికి మందు.

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. 1999 తర్వాత ప్రచురించే జాతి నామానికి హోలోటైపును (ఆ పేరుకు ఆధారంగా నిలిపే ఒక్క నమూనాను) లేదా సింటైపులను (అలా కలిపి నిలిపే నమూనాలను) స్పష్టంగా నిర్ణయించాలి, ఆ నమూనా ఏ సేకరణలో భద్రపరచబడుతుందో చెప్పాలి, ఇతర జాతుల నుంచి వేరుచేసే లక్షణాలను మాటల్లో రాయాలి. హోలోటైపు ముఖభాగాలు స్లైడు మీద, మిగతా శరీరం ఆల్కహాలులో ఉండటం తప్పు కాదు. అయితే రెండింటి చీటీల మీదా హోలోటైపు అని రాసి, ఒకే సంఖ్య వేయాలి. డీఎన్‌ఏ పరీక్షకు ఒక పక్క కాళ్ళను ఆల్కహాలులోనే ఉంచడం మరువకండి. నేను కుడి కాళ్ళను ఉంచుతాను.

అభ్యాసం: ఒకే వాగులో, ఒకే చోట దొరికిన, ఒకే జాతివని మీరు భావించే 5 ఎదిగిన డింభకాల హనువులను పై పద్ధతిలో మౌంటు చేసి, బొమ్మలు గీసి దాచండి. పది రోజుల తర్వాత చీటీలను కాగితంతో మూసివేసి, స్లైడుల వరుస మార్చి, దాచిన బొమ్మలను చూడకుండా ప్రతి హనువూ ఏ పక్కదో రాయండి. ప్రతి జవాబు కింద దానికి ఆధారమైన గుర్తును రాయాలి. గుర్తు కనబడకపోతే ‘తేలలేదు’ అనే రాయండి. తర్వాత పదింటి ఆధారంగా రెండు హనువుల వర్ణనను ఐదు వాక్యాలకు మించకుండా రాసి, పాత బొమ్మలనూ, చీటీలు మూసి రాసిన జవాబులనూ దానికి జతచేసి పంపండి.