ఇంట్లో పిలాటిస్ – 5వ పాఠం: మ్యాట్ మళ్లీ బీరువా ఎక్కకుండా

పిలాటిస్ అంటే మ్యాట్ పరుచుకుని, ఊపిరికి తగ్గట్టు ఒంటిని అదుపులో పెట్టి కదిలించే వ్యాయామం. అందులో నాలుగు పాఠాలు అయ్యాయి. పక్కటెముకలు రెండు వైపులా విచ్చుకునేలా ఊపిరి పీల్చడం, నడుము కింద చింతగింజ పట్టేంత సందు వదిలి పడుకోవడం, హండ్రెడ్ (వంద లెక్కపెట్టేదాకా చేతులు పైకీ కిందకీ ఆడించడం), రోల్ అప్ (పడుకున్నవాళ్లం ఒక్కో పూస చొప్పున లేచి కూర్చోవడం) నేర్చుకున్నాం. ఈ వారం కొత్త వ్యాయామం లేదు. ఐదో పాఠానికి వచ్చేసరికి సగం మంది మ్యాట్ చుట్టి బీరువా మీద పెట్టేస్తారు. నేనూ పెట్టినదాన్నే. అందుకని మానకుండా చేయడాన్ని కూడా ఒక పాఠంగానే తీసుకుందాం. రోల్ అప్‌కి ఉన్నట్టే దీనికీ ఒక పద్ధతి ఉంది, హోంవర్కూ ఉంది.

ముందు నా సంగతి చెప్తాను. మొదటిసారి ఒక స్టూడియోలో మూడు నెలల ఫీజు ముందే కట్టాను. డబ్బు కట్టాక వెళ్లక చస్తామా అనుకున్నాను. తొమ్మిది క్లాసులకి వెళ్లాను. కట్టిన డబ్బు ఒక నెల దాకా గుచ్చుతుంది, ఆ తర్వాత దాన్నీ మర్చిపోతాం. రెండోసారి అలా కాదని దీక్షలా పట్టాను. 41 రోజులు, రోజుకి గంట, ఒక్క రోజూ తప్పకూడదు. నిజంగానే తప్పలేదు. పెళ్లికి వెళ్లిన ఊళ్లో విడిది గదిలో దుప్పటి పరుచుకుని మరీ చేశాను. 42వ రోజు ఏమైందంటారా? మాల తీసిన మర్నాడు అందరూ ఏం చేస్తారో అదే. రెండు నెలల పాటు మ్యాట్ మొహం చూడలేదు.

దీక్షని తక్కువ చేయడం లేదు. కానీ దీక్షకి విరమణ రోజు ఒకటి ముందే రాసి ఉంటుంది, ఆ రోజు కోసమే అన్ని కష్టాలూ ఓర్చుకుంటాం. పిలాటిస్‌కి ఇరుముడి లేదు, కొండ లేదు. దీన్ని స్నానం, పళ్లు తోముకోవడం లాంటి వాటితో పాటు కట్టేయాలి. వాటికోసం ఎవరం దీక్ష పట్టం కదా. ఒక రోజు పళ్లు తోమకపోతే మర్నాడు తోముకుంటాం, అంతే. 'ఛీ, తప్పిపోయింది, ఇక నావల్ల కాదు' అని బ్రష్ పారేయం.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. దాన్ని నమ్మకండి, నమ్మితే 22వ రోజున మీకేదో లోపం ఉందన్న అనుమానం వస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కొక్కరూ రోజూ చేయడానికి ఒక చిన్న పని ఎంచుకున్నారు. భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరుగెత్తడం లాంటివి. ఆ పని ఆలోచించకుండా దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. నీళ్లు తాగడం తొందరగా అలవాటైంది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మన పాఠానికి కావలసిన ముక్క ఇంకోటుంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో పెద్ద తేడా రాలేదు. నా 41 రోజుల పంతానికి ముందు ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే ఆ విడిది గదిలో హాయిగా పడుకునేదాన్ని.

ఇక అసలు పద్ధతి. 'రేపటి నుంచి ఉదయం ఆరింటికి' అని టైము పెట్టుకోకండి. ఆరింటికి పాలవాడు రావచ్చు, పిల్లాడికి జ్వరం రావచ్చు. గడియారానికి బదులు, రోజూ ఎలాగూ చేసే ఒక పనికి దీన్ని ముడేయండి. నేను మొదట ఇడ్లీకి ముడేశాను. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాక పన్నెండు నిమిషాలు ఖాళీయే కదా అని. ఐడియా బాగానే ఉంది, కానీ రోజూ ఇడ్లీ ఎవరు తింటారు? దోసెల రోజు పెనం దగ్గర నిలబడక తప్పదు, ఉప్మా రోజు అసలు గుర్తే రాదు. తర్వాత గీజర్‌కి మార్చాను. లేవగానే గీజర్ స్విచ్ వేయడం, పక్కనే గోడకి ఆనించి ఉన్న మ్యాట్ పరవడం. నీళ్లు కాగి ఎర్ర లైటు ఆరేలోపు పావుగంట పని అయిపోయేది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క వారం కూడా ఖాళీ పోలేదు.

మార్చి రెండో వారంలో ఆగిపోయింది. బద్ధకమేమో అనుకుని నన్ను నేనే పది రోజులు తిట్టుకున్నాను. తర్వాత తట్టింది, ఎండలు ముదిరి మేం గీజర్ వేయడం మానేశాం! స్విచ్ దగ్గరకి వెళ్లే పని లేదు కాబట్టి మ్యాట్ కంటపడటం లేదు. ఇప్పుడు నీళ్ల మోటారుకి కట్టాను. మా ట్యాంకు నిండటానికి దాదాపు ఇరవై నిమిషాలు, అది ఎండాకాలమైనా వానాకాలమైనా తప్పదు. మీది అపార్టుమెంట్ అయితే మోటారు మీ చేతిలో ఉండదు. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి తలుపు వేసుకున్న క్షణం, ఆఫీసు నుంచి వచ్చి బట్టలు మార్చుకున్న క్షణం, ఏదైనా సరే. రెండే షరతులు. ఆ పని ఏడాది పొడవునా ఉండాలి, అప్పటికి కడుపు నిండుగా ఉండకూడదు. సెలవుల్లో స్కూలు బస్సు రాదని గుర్తుపెట్టుకుని దానికి బదులు ఇంకోటి ఇప్పుడే అనుకోండి.

మ్యాట్ ఎక్కడ ఉందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మాది బీరువా మీద, సూట్‌కేసు కింద ఉండేది. దించాలంటే స్టూలు కావాలి, స్టూలు బాల్కనీలో, దాని మీద తులసి కుండీ. కుండీ దించి, స్టూలు తెచ్చి, సూట్‌కేసు దించేసరికి సగం వ్యాయామం అయిపోయినట్టే! మీరు ముడేసిన పని జరిగే చోటే మ్యాట్ ఉండాలి.

తర్వాతది 'చిన్న పాఠం'. ఒంట్లో ఓపిక లేని రోజుకి, ఇంటికి చుట్టాలొచ్చిన రోజుకి దీన్ని ముందే తయారుగా పెట్టుకోవాలి. అప్పటికప్పుడు ఏం చేద్దామా అని ఆలోచిస్తే ఏమీ చేయం. నా చిన్న పాఠం ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, చేతులు పక్కటెముకల మీద పెట్టి పది ఊపిరులు. తర్వాత తోకఎముక దగ్గర మొదలుపెట్టి ఒక్కో పూస చొప్పున నడుము పైకెత్తి, అలాగే ఒక్కో పూసా దించడం, ఆరుసార్లు. ఆ వెంటనే హండ్రెడ్. మోకాళ్లు తుంటి మీదుగా వచ్చేలా కాళ్లు ఎత్తి మడిచి ఉంచండి. ఐదు లెక్కలు పీల్చడం, ఐదు లెక్కలు వదలడం, అలా పదిసార్లు. మెడ పట్టేస్తుంటే తల మ్యాట్ మీదే ఉంచండి, చేతులు మాత్రం ఆడించండి. అది తప్పేమీ కాదు. అంతా కలిపి ఐదారు నిమిషాలు. ఇది చేసిన రోజుని చేసిన రోజుగానే లెక్కపెట్టండి.

ఇంత తక్కువా అని మొహమాటపడకండి. ఈ పద్ధతికి తన పేరే పెట్టబడిన జోసెఫ్ పిలాటిస్ జర్మనీలో 1883లో పుట్టి, న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడ డాన్సర్లకి నేర్పిన మనిషి. ఆయన 1945లో అచ్చువేసిన పుస్తకంలో మ్యాట్ వ్యాయామాలు 34 ఉన్నాయి. అయినా మొదలుపెట్టేవాళ్లకి ఆయన చెప్పింది రోజుకి పది నిమిషాలు తప్పకుండా చేయమనే. కొంత ఊపు వచ్చాక వారానికి నాలుగు రోజులు, మూడు నెలలు పట్టు విడవకుండా చేయమన్నాడు. ఏడు రోజులూ అనలేదు, గమనించండి.

మానేసే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజు నా లెక్కలో మూడో రోజు. అలవాటు లేని కండరాలకి పని పెడితే నొప్పి మర్నాటి నుంచి మొదలై, రెండో మూడో రోజుకి బాగా తెలుస్తుంది. నవ్వితే పొట్ట నొప్పి, తుమ్మితే పొట్ట నొప్పి. 'ఏదో అయిపోయింది' అని టెన్షన్ పడి ఆపేస్తారు. రెండు వైపులా సమంగా, బరువుగా, మొద్దుగా ఉండే నొప్పి అయితే ఆ రోజు చిన్న పాఠం చేయండి, తగ్గిపోతుంది. ఒకే చోట సూదితో పొడిచినట్టున్నా, కాల్లోకి లాగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా ఆపి డాక్టరుకి చూపించండి. ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు రోల్ అప్ జోలికి వెళ్లవద్దని గత పాఠంలో అన్నాను, మళ్లీ అంటున్నాను.

సరే, అన్నీ చేసినా ఒక్కోసారి రెండు వారాలు పోతాయి. పండగ, ప్రయాణం, వైరల్ జ్వరం, ఏదో ఒకటి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచి అందుకోవాలని ఉబలాటపడతాం. పోయిన రోజుల బాకీ కూడా తీర్చేద్దామని గంటసేపు చేస్తాం. మర్నాడు మంచం దిగలేం, దాంతో ఇంకో వారం పోతుంది. రెండు వారాలు పోతే తిరిగొచ్చిన మొదటి మూడు రోజులూ చిన్న పాఠమే. తర్వాత రోల్ అప్ సగం దాకా, మోకాళ్లు మడిచి. నెల దాటితే ఊపిరి పాఠానికి వెళ్లిపోండి. అందులో నామోషీ ఏమీ లేదు, రెండోసారి చదివితేనే ఊపిరి సంగతి సరిగ్గా ఎక్కుతుంది.

లెక్క రాసుకోవడానికి యాప్‌లు అక్కర్లేదు. వంటింటి తలుపుకి వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గడిలోనే పెన్సిల్‌తో ఒక గీత. చిన్న పాఠమైతే సగం గీత. ఖాళీ గడిలో ఏమీ రాయకండి. వరుసగా రెండు గడులు ఖాళీగా కనిపిస్తే మాత్రం మూడో రోజు ఏం జరిగినా సగం గీతైనా పడాలి. నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

ఈ వారం హోంవర్కు. మీరు దేనికి ముడేస్తున్నారో ఒక వాక్యం రాయండి: 'మోటారు వేయగానే హాల్లో టీవీ ముందు మ్యాట్ పరుస్తాను' అన్నంత వివరంగా. 'వీలు చూసుకుని ఉదయం చేస్తాను' అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. మ్యాట్‌ని ఆ చోటికి మార్చండి. వారంలో నాలుగు రోజులు చేయండి, అందులో ఒక రోజు ఓపిక ఉన్నా కావాలనే చిన్న పాఠం చేసి ఆపేయండి. ఆపడం కూడా చేతికి రావాలి.

వచ్చే పాఠంలో పక్కకి తిరిగి పడుకుని చేసే సైడ్ కిక్. తల కింద పెట్టుకోవడానికి మడతపెట్టిన దుప్పటి ఒకటి దగ్గర ఉంచుకోండి. దిండు పనికిరాదు, మెత్తగా దిగబడిపోతుంది.