ఇల్లు కూలుస్తామని నోటీసు వస్తే ఏం చేయాలి?

గేటుకు నోటీసు అతికించారని తెలియగానే చాలామంది కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తారు. చేయండి, తప్పులేదు. ముందు మాత్రం ఆ కాగితాన్ని ఫోటో తీయండి. రిజిస్టర్డ్ పోస్టులో వస్తే కవరు కూడా దాచండి. దాని మీది పోస్టాఫీసు ముద్ర రేపు కోర్టులో పనికొస్తుంది.

ఎందుకంటే లెక్కంతా తేదీదే. 2024 నవంబర్ 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, నోటీసు అందాక జవాబుకు కనీసం 15 రోజులు ఇవ్వాలి. తర్వాత పాత తేదీ వేసే వీలు లేకుండా, నోటీసు ఇవ్వగానే అధికారులు కలెక్టరేట్‌కు ఈమెయిల్ పంపాలి.

తర్వాత కారణం చదవండి. అసలు మెలిక ఇక్కడే ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల కట్టిన అక్రమ కట్టడాలకు, కోర్టే కూల్చమన్నవాటికి ఈ రక్షణ వర్తించదు. హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా కూల్చివేతలు చాలావరకు చెరువుల దగ్గరే కదా! నోటీసులో ‘ఎఫ్‌టీఎల్’ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), ‘బఫర్ జోన్’ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు ఉండకూడని జాగా) అని కనబడితే ఇంకా టైముందిలే అనుకోకండి. ఆ రోజే లాయర్‌ను కలవండి. ఆ చెరువుకు ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ వచ్చిందా, ప్రాథమికమేనా అన్నది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) రికార్డుల్లో చూడండి.

సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) వదల్లేదనో, అదనపు అంతస్తు వేశారనో అయితే మంజూరైన ప్లాన్, సేల్ డీడ్ జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ విభాగంలో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ‘ఆస్తి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది’ అనే వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. అవి అనుమతి పత్రాలు కావు.

మీ వాదన స్వయంగా వినిపించే అవకాశం కూడా ఇవ్వాలి. తుది ఉత్తర్వులో కొంత భాగం తీసేస్తే సరిపోదా, జరిమానాతో క్రమబద్ధీకరించలేమా, కూల్చడమే ఎందుకు మార్గమో రాయాలి. అది అందాక మరో 15 రోజులు కూల్చకూడదు. అప్పీలు వేసినా, మీరే తీయించుకున్నా ఆ లోపే. తప్పు మీదేనని తెలిస్తే మేస్త్రీని పెట్టి తీయించుకోవడమే మేలు. పక్క స్లాబు దెబ్బతినకుండా చూసే ఓపిక జేసీబీకి ఉండదు.

శని, ఆదివారాల్లో వస్తారని భయమా? అత్యవసరమైతే సెలవు రోజున కూడా హైకోర్టులో హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినే అత్యవసర పిటిషన్) వేయవచ్చు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్‌లో ఆదివారం కూల్చినందుకు తెలంగాణ హైకోర్టు అధికారులను గట్టిగా నిలదీసింది.

అయినా వచ్చేస్తే ఎదురు తిరగకండి. ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకాలతో తనిఖీ నివేదిక, కూల్చివేత వీడియో అధికారుల బాధ్యత. మీరూ వీడియో తీయండి. నిబంధనలు తప్పినట్టు తేలితే తిరిగి కట్టించే ఖర్చు ఆ అధికారులే సొంత జేబులోంచి పెట్టుకోవాలి.